ఎడమ సీటు

"నా బండి ఎట్ల పోవాల్నో దానికెరుక. నువ్వు టైరు మార్చు, చాలు."

తెలుగువాళ్లు మగ్గాల పనికి వలసపోయే ఉధ్నాలో, నరేశ్ టైర్ల దుకాణానికి వచ్చిన మొదటి రోజే వినోద అన్న మాట ఇది. వచ్చేటప్పుడు హిందీలో భయ్యా అని పిలిచింది. వానలో ఆటో మొరాయించేసరికి మాత్రం తెలుగులో తిట్టింది. ఆ తిట్టు సిరిసిల్ల వైపుదని నరేశ్ ఇట్టే పోల్చుకున్నాడు. తడిసిన ముఖాన్ని ఆమె చున్నీతో తుడుచుకుంటుంటే, చేతిలోని పానా ఎందుకు పట్టుకున్నాడో కాసేపు మరిచిపోయాడు.

ముందు చక్రం చూశాక అతని నవ్వు పోయింది. టైరు ఒక అంచున కొత్తదానిలా ఉంది, రెండో అంచున దారాలు తేలాయి. వెనక టైర్లు రెండూ ఒకే రోజు వేసినవట. అయినా కుడిది నున్నగా అరిగింది, ఎడమది ఇంకా నిగనిగలాడుతోంది.

"ఎడమ దిక్కు ఎవ్వల్నీ కూసోనియ్యవా?"

వినోద ఉలిక్కిపడింది. వెనక సీటుకు ఎడమ పక్కన మడిచిపెట్టిన ఎర్ర తువ్వాల చూపించింది. అది ఆమె తండ్రి రాజనర్సుది. మరమగ్గాల షెడ్డులో పనిచేసి, ఆటో కొన్న కొన్నాళ్లకే పోయాడు. పక్కన ముచ్చట్లకు మనిషి లేనిదే కూర్చోలేని మనిషి. పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు ఆయన పేరున బియ్యం ఇచ్చి వచ్చి, తల్లి భూదేవి ఆ తువ్వాల అక్కడ పెట్టింది. అప్పటి నుంచి ఆ చోటు ఆయనదే. హ్యాండిల్ కాస్త వదిలితే ఆటో తనంతట తానే ఎడమకు, ఆయన షెడ్డు ఉన్న సందులోకి తిరుగుతోందట.

"నాయిన గుంజుతడు," అంది గొంతు తగ్గించి.

నమ్మకపోతే కూర్చోమంది. నరేశ్ వెనక కుడి పక్కన కూర్చున్నాడు. సందు మొదట్లో ఆమె చేతులు సడలించింది. ఆటో మెల్లగా ఎడమకు ఒరిగి, మూతబడిన షెడ్డు ముందుకు చేరింది. తాళం వేసిన షట్టరు వెనక ఎక్కడో మగ్గం ఆడుతున్న చప్పుడు. వాన చినుకులే అయ్యుంటాయని నరేశ్ తనకు తాను చెప్పుకున్నాడు.

సచిన్ ఊరికి పోయే పెద్ద రోడ్డు మీదికి పోనిమ్మని, అక్కడా చేతులు సడలించమన్నాడు. ఆటో అక్కడా ఎడమకే లాగింది. ఎడమన పెద్ద మోరీ ఉంది. వినోద గబుక్కున బ్రేకు వేసింది.

"గీడ ఏ షెడ్డున్నది? నాయిన నిన్ను మోరీల పడగొడ్తడా? ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు వంగింది, గంతే. ఎడమ టైరు అరగనే లేదు వినోదా. ఆడ ఎవ్వలు లేరు."

ఆమె కళ్లు నిండాయి. "బాగుచేస్తే నాయిన పోతడు."

"చెయ్యకపోతే నువ్వు పోతవ్. గది ఓర్సుకునుడు నాతోని కాదు."

ఆ మాట తనే అన్నాడా అని నరేశ్ తెల్లబోయాడు. ఆమె తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

ఫోర్కు సరిచేసి, మూడు టైర్లూ కొత్తవి వేశాడు. ఆటో సందు దాటి తిన్నగా పోయింది. వినోద అతని వైపు చూడకుండా వెళ్లిపోయింది. ఇక రాదనుకుని నరేశ్ కుమిలిపోయాడు. ఒక సాయంత్రం దుకాణం ముందు హారన్ మోగింది. బండి ఉత్తగా అనిపిస్తోందని, తన ఇల్లున్న ఉన్ బస్తీ దాకా తోడు రమ్మని అడిగింది. అతని గది కూడా ఉన్‌లోనే. అప్పటి నుంచి రోజూ కుడి పక్కన అతను, ఎడమన తువ్వాల. దారి పొడవునా నరేశ్ ముచ్చట్లు, అద్దంలో ఆమె వెక్కిరింతలు.

మళ్లీ వానలు పడ్డాయి. నరేశ్ ఆటో చక్రాలు విప్పి చూశాడు. ముందు టైరు రెండు అంచులా సమానంగా అరిగింది. అది సరే. వెనకవి కూడా రెండూ సమానంగా అరిగాయి.

"ఎడమకెవ్వలన్న కూసున్నరా?"

"ఎవ్వలు లేరు." వినోద తువ్వాల వైపు చూసింది. దాని నడుమ సొట్ట పడి ఉంది. ఆమె పెదవి మీద నవ్వు వచ్చింది. "నాయినకు ఒక్కడే కూసునుడు నచ్చకపోయేది. ముచ్చట పెట్టెటోడు దొరికినంక వచ్చిండు."

నరేశ్ చక్రాలు బిగించి, చేతులు కడుక్కుని, ఆటో ఎక్కాడు. ఖాళీ సీటు వైపు కాస్త వంగి, మెల్లగా అన్నాడు.

"మామా, జర జరుగు."

అద్దంలో వినోద కళ్లు పెద్దవయ్యాయి. ఆమె ఆటో స్టార్ట్ చేసింది. తువ్వాల అంచు కొద్దిగా అవతలికి జరిగింది.