ఆరు వాట్ల ద్రోహం

"పోయినవాడు లెక్క తప్పాడు. ఫైలు మూసేశాం," అన్నాడు చీఫ్.

ఏజెంట్ మిరపకాయ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. టీ కప్పు ఎగిరి కింద పడింది. వంద వేషాలు వెయ్యగలడు గానీ, కోపం దాచుకునే వేషం మాత్రం అతనికి ఏనాడూ కుదరలేదు. పోయినవాడు అతని సొంత అన్న. నెల కిందట గోడౌన్‌లో బాంబు విప్పుతూ బూడిదైపోయాడు.

"మా అన్న లెక్క తప్పడు సార్! నాకు ఎక్కాలు నేర్పిందే అన్న."

"అయితే నిరూపించు. గోడౌన్‌లో బాంబు పెట్టిన విదేశీ ముఠాయే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇంకోటి పెట్టింది. నలభై మంది ఆపరేటర్లు. ఒక్కరు గడప దాటినా పేలుస్తారట. మీ వదిన కూడా డ్యూటీలో ఉంది. సామాన్లు మన ఏజెంట్ నెమలి అందిస్తుంది."

లైన్‌మన్ వేషంలో మిరపకాయ బ్యాటరీ గదిలోకి దూరాడు. తలుపు దగ్గర సెంటు వాసన గుప్పుమంది.

"వాన పడేలా ఉందా?" సంకేతపు మాట అడిగాడు మిరపకాయ.

"గొడుగు ఎండకే తెచ్చాను," అంది నెమలి, నల్ల కళ్లద్దాలు తీస్తూ. అందం, తెలివి, తియ్యటి గొంతు. నెల కిందట అన్నకు సామాన్లు అందించిన చేతులు కూడా ఇవే.

మిరపకాయ బాంబు మూత విప్పాడు. లోపలి కరెంటంతా ఒక గడియారం గుండా పోతోంది. అది తగ్గిందా, పేలుడే. గడియారాన్ని తెంచాలంటే, సరిగ్గా అంతే కరెంటు తాగేది ముందు పక్కన తగిలించాలి. మీటర్ పెట్టాడు. పన్నెండు వోల్టులు, అర ఆంపియర్.

"పన్నెండుని అరతో భాగిస్తే ఇరవై నాలుగు ఓమ్‌లు."

"ఇదిగో, సరిగ్గా ఇరవై నాలుగు. త్వరగా! రెండు నిమిషాలే ఉన్నాయి." రెసిస్టర్ అతని చేతిలో పెట్టి ఆమె తలుపు వైపు జరిగింది.

ఎరుపు, పసుపు, నలుపు. ఓమ్‌లు చెప్పే రంగు చారలు సరిగ్గానే ఉన్నాయి. కానీ అది బియ్యపు గింజంతే ఉంది.

మిరపకాయ ఒళ్లు మండిపోయింది. పన్నెండుని అరతో గుణిస్తే ఆరు వాట్లు. ఈ గింజ పావు వాటు మోస్తే గొప్ప. క్షణాల్లో మాడి తెగుతుంది, కరెంటు పడిపోతుంది. అన్న అలాగే పోయాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానా!" ఒక్క అంగలో ఆమెను పట్టుకుని, చేతికి బేడీ వేసి, రెండో కొస బ్యాటరీ స్టాండుకి బిగించాడు. "ఇప్పుడు చెప్పు, ఏం తగిలించను?"

"పిచ్చా నీకు? ఇద్దరం పోతాం!"

"ముప్పై సెకన్లు."

"గోడ మీద... ఎమర్జెన్సీ లైటు! దాని బల్బు పన్నెండు వోల్టులు, ఆరు వాట్లు!" కీచుమంది నెమలి.

"చూశావా, వాట్లు చెప్పడం నీకూ వచ్చు!"

బల్బు ఊడబీకి గడియారానికి పక్కగా కలిపాడు. అది వెలిగింది. గడియారం తీగ కత్తిరించాడు. ముల్లు రెండు సెకన్ల దగ్గర ఆగిపోయింది. పై అంతస్తులో ఎవరో "నంబర్ ప్లీజ్" అంటున్నారు. వదిన గొంతే.

"మీ అన్న ఓమ్‌లే చూశాడు, వాట్లు అడగలేదు," అంది నెమలి కసిగా.

"సొంతవాళ్లు చేతిలో పెడితే ఎవరడుగుతారే?" అతను బేడీని ఇంకో మెట్టు బిగించాడు.

వైర్‌లెస్ గరగరలాడింది. విషయమంతా విని చీఫ్ అన్నాడు: "అయితే మీ అన్న చేసిన తప్పేమీ లేదన్నమాట."

"ఒకటుంది సార్. మీరు పంపిన మనిషిని నమ్మాడు."

అటునుంచి చాలాసేపు దగ్గు వినిపించింది. చీఫ్‌కి దగ్గు జబ్బేమీ లేదు.