వాన నీళ్ల ట్యాంకు పక్కన శవం

మంగళవారం సాయంత్రం 4:20. ఛత్రినాక.

డానియేలు మిద్దె మీద వెల్లకిలా పడి ఉన్నాడు. తల వెనక లోతైన గాయం. రక్తం మాత్రం పెద్దగా లేదు. పక్కనే వాన నీళ్ల ట్యాంకు. దాని నల్లా తెరిచి ఉంది. ట్యాంకు ఖాళీ.

"నీళ్లలో జారి పడ్డాడు మేడమ్. ఎండకు నేల ఆరిపోయింది," అన్నాడు ఎస్సై.

సీఐ అమల శవం దగ్గరికి వెళ్లింది. వంగి ముఖాన్ని, దాని మీది కళ్లద్దాలను చూసింది. తర్వాత నేలను చూసింది.

కింద గల్లీలో అరుపులు వినిపించాయి. డానియేలు భార్య షారోన్ ఒక మనిషి కాలరు పట్టుకుని గుంజుతోంది.

"నువ్వే చంపినవ్. మొన్న కొడతానని మీదికి రాలేదా?"

అతను జగదీశ్వర్. డానియేలుతో కలిసి పెద్ద పెద్ద బిల్డింగుల అద్దాలు కడిగే పని చేస్తాడు. శవాన్ని మొదట చూసింది కూడా అతనే.

అమల అతన్ని పక్కకు తీసుకెళ్లింది.

"మధ్యాహ్నం ఎక్కడున్నావ్?"

"గుడిమల్కాపూర్ల. ఫంక్షన్ హాల్ అద్దాలు కడిగిన. మూడున్నర దాంక."

"చూసినవాళ్లు?"

"వాచ్‌మన్."

"డానియేలుతో లొల్లి దేనికి?"

"వానల కోసం ఎన్ని దినాలు ఆగుతం, బోరు నీళ్లు వాడుదమన్న. వాడు ఒప్పుకోలె. బోరు నీళ్లు ఆరితే అద్దం మీద ఉప్పు పేరుకుంటదట. వాన నీళ్లయితే మరక ఉండదట. గదే లొల్లి."

పక్కింటి ప్రేమ్‌రాజ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. రెండు మిద్దెల మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. గల్లీ మొత్తానికి బోరు నీళ్లు ఇచ్చేది అతనే. పది రోజుల క్రితం డానియేలు ఆ నీళ్లను ఉప్పు కొలిచే మీటరుతో పరీక్షించి, తాగొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పాడు.

"మధ్యాహ్నం మిద్దె ఎక్కావా?" అమల అడిగింది.

"లే. ఇంట్ల పండుకున్న."

"బోరు నడిచిందా?"

"పొద్దుగాలనే బంద్ చేసిన. వాడు సచ్చిండని నేను ఏడ్వాల్నా మేడమ్? నా నీళ్లను మోరీ నీళ్లన్నడు."

బుధవారం పొద్దున్నే పోస్ట్‌మార్టమ్ రిపోర్టు వచ్చింది. ఇనప వస్తువుతో వెనక నుంచి కొట్టారు. సమయం రెండు గంటల ప్రాంతం. జగదీశ్వర్ చెప్పింది నిజమేనని వాచ్‌మన్ చెప్పాడు.

ఉదయం 11:00. అమల అందరినీ మిద్దె మీదికి పిలిపించింది. గల్లీవాళ్లూ మెట్ల దాకా వచ్చి నిలబడ్డారు.

ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో డానియేలు కళ్లద్దాలు.

"చూడండి. అద్దాల నిండా తెల్ల చుక్కలు. ట్యాంకులో ఉన్నవి వాన నీళ్లు. అవి ఆరితే చుక్క కూడా మిగలదు. ఇది బోరు నీళ్ల ఉప్పు."

ఆమె కవరు దించి నేల వైపు చెయ్యి చూపింది.

"జారి పడ్డట్టు కనిపించాలని హంతకుడు నల్లా తిప్పాడు. ఆ సన్నటి ధారకు రక్తం పోలేదు. పైపు తెచ్చి కడిగాడు. అప్పుడే ముఖం మీద నీళ్లు చిందాయి. ఈ తెల్ల చార తల పడిన చోటి నుంచి ఆ గోడ దాకా ఉంది. గోడ అవతల ఎవరి బోరు, ప్రేమ్‌రాజ్?"

"ఉప్పు సాక్ష్యం చెప్తదా?" ప్రేమ్‌రాజ్ గొంతు పెంచాడు. "నా పైపు ఎవడు చూసిండు? చూసినోడు ముందుకు రావాలె."

అమల మెట్ల వైపు తిరిగింది. జనం నేల చూపులు చూశారు.

ఎదురింటి చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండు దాటినంక ప్రేమ్‌రాజ్ గోడ మీదుగ ఈ మిద్దె మీదికి పైపు గుంజుతుంటె నేను చూసిన. నేనొక్కదాన్నే కాదు. చెప్తె నీళ్లు బంద్ చేస్తడని అందరం నోరు మూసుకున్నం."

"నీకింక చుక్క ఇయ్య," అన్నాడు ప్రేమ్‌రాజ్. కానిస్టేబుల్ అతని చేతులకు బేడీలు వేశాడు.

షారోన్ నెమ్మదిగా చంద్రమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"నిన్న రాత్రంతా నన్ను పట్టుకుని ఏడ్చినవు కదా పెద్దమ్మా. అప్పుడు కూడా నీకు తెలుసా?"

చంద్రమ్మ తలెత్తలేదు. ఆమె వెనక ఒక్కొక్కరే మెట్లు దిగిపోసాగారు.