విజిలమ్మ చుక్క

పొద్దున్న ఆరింటికి షెడ్డు వెనక గదిలో ఆరు బర్నర్లూ వెలిగాయంటే విజిలమ్మ పనిలోకి దిగినట్టే. ఆ వీధిలో జనం అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశారు. మొదటి విజిల్‌కి పిల్లలు లేస్తారు, మూడోదానికి వాళ్ల నాన్నలు లేస్తారు. పన్నెండోదానికి కూడా లేవనివాళ్లని ఇక ఎవరూ లేపరు.

విజిలమ్మ అన్న పేరు షెడ్డులో పనివాళ్లు పెట్టింది. ఆవిడ భర్త ప్రెషర్ కుక్కర్లు తయారుచేస్తాడు. పిచ్చుక మార్కు. రేకు కోయడం, లేతు మీద తిప్పి గిన్నెగా వంచడం, పాలిష్ పట్టడం, పిచ్చుక బొమ్మ అచ్చు గుద్దడం అన్నీ ముందు షెడ్డులో అవుతాయి. అన్నీ అయ్యాక ప్రతి కుక్కరూ ఆవిడ దగ్గరికి వస్తుంది. సగం నీళ్లు పోసి, మూత బిగించి, పొయ్యి మీద పెట్టి, చెవి ఒగ్గి నిలబడుతుంది. విజిల్ మధ్యలో తెగకుండా ఖణీమని రావాలి. ముక్కుతూ మూలుగుతూ వచ్చిందా, మూత సరిగ్గా కూర్చోలేదన్నమాటే. ఆ తర్వాత చల్లటి స్టీలు గరిటె ఒకటి మూత అంచు చుట్టూ తిప్పుతుంది. గరిటె మీద చెమ్మ పట్టిందంటే ఆ కుక్కర్ తిరుగుటపాలో ముందు షెడ్డుకి పోవలసిందే.

పాసైనదాన్ని చల్లార్చి, బోర్లించి, అడుగున అంచు దగ్గర సన్నటి ఉలితో చిన్న చుక్క పెడుతుంది. ఆవగింజంత చుక్క. కాపురానికొచ్చిన కొత్తల్లో చూసినవీ చూడనివీ కలిసిపోయి, ఓ చెడ్డ కుక్కర్ పక్కింటికి పోయింది. ఆ ఇంటి వంటింటి కప్పుకి బంగాళాదుంపలు అతుక్కున్నాయి. మర్నాటి నుంచి ఈ చుక్క మొదలైంది. షెడ్డులో అందరూ దాన్ని అచ్చు గుద్దే ప్రెస్సు పెట్టిన గాటు అనుకుంటారు. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అడగనివాళ్లకి చెప్పే అలవాటు ఆవిడకి లేదు మరి.

"మా ఆవిడా? విజిళ్లు వేయిస్తుంది" అని భర్త వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెప్పేవాడు, అదీ ఒక పనేనా అన్నట్టు.

ఒకప్పుడు రోజుకి అరవై కుక్కర్లు. ఇప్పుడు పన్నెండు. ఓడలమీద వచ్చే చవక సరుకు బజారు నిండా పేరుకుపోయింది. పద్దెనిమిది మంది పనివాళ్లలో నలుగురు మిగిలారు. అది చాలదన్నట్టు ప్రభుత్వం కొత్త రూలు తెచ్చింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి నాణ్యత ముద్ర లేని కుక్కర్ అమ్మడానికి వీల్లేదు. భర్త చొక్కా జేబులో పదిహేను రోజులుగా రెండు కాగితాలు నలుగుతున్నాయి. ఒకటి ఆ ముద్ర కోసం పెట్టుకునే నాలుగు పేజీల దరఖాస్తు. రెండోది షెడ్డు మూసేస్తున్నామని చెప్పే ఫారం.

ఆ పొద్దున్న టీ తాగుతూ కొడుకు మళ్లీ అదే ఎత్తాడు.

"నాన్నా, ఈరోజైనా ఆ రెండోదాని మీద సంతకం పెట్టు. తయారీ మానేద్దాం. తయారైన సరుకు తెచ్చి మన పేరు మీద అమ్ముకుందాం. పేరుంది కదా మనకి!"

"పేరుండేది పని ఉండబట్టిరా. పని తీసేసి పేరు అమ్ముకోమంటావా?"

"అయితే దరఖాస్తన్నా పెట్టు."

"ఎందుకు పెట్టాలి? ఆ పక్కింటి బంగాళాదుంపల తర్వాత ఇన్నేళ్లలో నా కుక్కర్ ఒక్కటి పేలిందా? ఎవడో బల్ల ముందు కూర్చుని, నీ కుక్కర్ మంచిదేనని నువ్వు రుజువు చేసుకో అంటాడా! మొదటి పేజీలోనే లక్షలు పోసి మెషిన్ కొనమని రాశాడు. అక్కడికే నా కళ్లు తిరిగాయి."

"మెషిన్ ఉన్నవాడు బతుకుతాడు, లేనివాడు పోతాడు. అంతే!"

"అంతేనా? అయితే నువ్వు పో, నాకు పనుంది" అని పెద్దాయన గ్లాసు టక్కున పెట్టి లేచాడు.

తండ్రీకొడుకులు ఇలా కీచులాడుకోవడం రోజూ ఉన్నదే. విజిలమ్మ మధ్యలోకి వెళ్లలేదు. తొమ్మిదో కుక్కర్ పొయ్యి మీద ఉంది, చెవి దానిమీద ఉంది.

పదింటికి షెడ్డు ముందు జీపు ఆగింది. నాణ్యత తనిఖీ శాఖ ఇన్‌స్పెక్టర్ దిగింది. నలభై ఏళ్లుంటాయేమో, కాటన్ చీర, చేతిలో ఫైలు. వెనక డ్రైవర్ పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి నేలమీద దించాడు. దాన్నిండా కుక్కర్లు. ప్రతిదాని మీదా పిచ్చుక బొమ్మ.

"ఇవి మీవేనా?" అంది ఇన్‌స్పెక్టర్.

పెద్దాయన ఒకటి తీసి బొమ్మ మీద వేలు పెట్టి తడిమాడు. "నా అచ్చే."

"పోయిన వారం ఒక హాస్టల్లో విజిల్ రంధ్రం పూడుకుపోతే సేఫ్టీ వాల్వ్ తెరుచుకోలేదు. మూత లేచింది. వంటామెకి మోచేతి దాకా కాలింది. బజార్లో ఇంకో ఎనిమిది పట్టుకుని పరీక్ష చేశాం. ఒక్కటీ పాసవలేదు."

షెడ్డులో లేతు ఆగిపోయింది. లేతు మీద ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. పెద్దాయన చేతిలో కుక్కర్ కింద పెట్టాడు. మాట తడబడలేదు.

"నా బొమ్మ ఉందంటే బాధ్యత నాది. ఏం రాసుకుంటారో రాసుకోండి. ఆ వంటామె ఏ ఆసుపత్రిలో ఉందో చెప్పండి, నేను వెళ్తాను."

"షెడ్డుకి సీల్ వెయ్యాలండీ" అంది ఇన్‌స్పెక్టర్. ఆ మాట అనడం ఆమెకీ ఇష్టంగా లేదు.

విజిలమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నెమ్మదిగా వచ్చి పెట్టె ముందు కూర్చుని ఒక కుక్కర్ తీసి బోర్లించింది. రెండోది బోర్లించింది. మూడోది. ఎక్కడా చుక్క లేదు.

ఇవి మనవి కావు! ఆ సంతోషం క్షణం కూడా నిలవలేదు. మనవి కాకపోతే మన అచ్చు వీటి మీదికి ఎలా వచ్చింది? అచ్చు ఉండే బీరువా తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకరు ఇప్పుడే తప్పంతా నెత్తినేసుకున్న భర్త. రెండో మనిషి గోడ పక్కన నేల చూపులు చూస్తున్నాడు.

నోరు విప్పితే కొడుకు పోతాడు. విప్పకపోతే ముప్పై ఏళ్ల పేరు, మొగుడి పరువు, నలుగురు పనివాళ్ల కూడు పోతాయి. నవమాసాలు మోసిన కడుపు ఒకవైపు లాగుతోంది. మోచేతి దాకా కాలిన ఆ వంటామె చెయ్యి కళ్లముందు కదిలింది. అదే ఆవిడ చేత మాట్లాడించింది.

"ఇవి నా చేతిమీదుగా పోలేదమ్మా" అంది.

"అంటే?"

"వీటికి చుక్క లేదు."

పొద్దున్న పాసైన కుక్కర్ ఒకటి తెచ్చి బోర్లించి చూపించింది. బాబాయ్ వంగి చూసి, "ఓర్నీ! అది ప్రెస్సు గాటు కాదా వదినా? దాన్ని పోగొడదామని నేను రెండేళ్లు ప్రెస్సుని మరమ్మతు చేశాను కదా!" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. "చుక్క ఎవరైనా పెట్టొచ్చమ్మా. చూసే పెట్టారని నమ్మేదెలా?"

"అయితే మీరే పొయ్యి మీద పెట్టండి. నేను గోడవైపు తిరిగి నిలబడతాను."

ఇన్‌స్పెక్టర్ ఆరు బర్నర్ల మీద ఆరు పెట్టింది. మూడు చుక్కవి, మూడు పెట్టెలోవి, తన ఇష్టం వచ్చిన వరసలో. విజిలమ్మ గోడకేసి తిరిగి కళ్లు మూసుకుంది. ఒక్కోటీ కూస్తుంటే చెప్పుకుంటూ పోయింది. "ఇది మాది. ఇది కాదు, మూత ఎడం పక్క వదులు. ఇదీ కాదు, విజిల్ బరువు తక్కువ, తొందరపడి కూసింది. ఇది మాది. మాదే. చివరిది పొయ్యి ఆపెయ్యండమ్మా, రబ్బరు జారుతోంది!"

ఇన్‌స్పెక్టర్ గబుక్కున ఆపింది. ఆరూ సరిగ్గా సరిపోయాయి. పెద్దాయన పెళ్లాంకేసి ఇవాళే కొత్తగా చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు.

"మరి ఇవి ఎవరివి?" అంది ఇన్‌స్పెక్టర్.

విజిలమ్మ కొడుకువైపు తిరిగింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

వాడు గోడని వదిలి ముందుకొచ్చాడు. "నేనే మేడమ్. రెండొందలు తెప్పించాను. అచ్చు నేనే గుద్దాను." తండ్రివైపు చూడలేకపోయాడు. "ఆర్డర్లు వస్తున్నాయి నాన్నా. పన్నెండు చేసి ఎవరికని ఇస్తాం? షాపులవాళ్లు వేరే మార్కుకి పోతామన్నారు. బజార్లో మన పిచ్చుక కనపడకుండా పోతుందని భయమేసింది."

"కనపడ్డానికా! అవతల ఒక మనిషి చెయ్యి కాలింది" అంది తల్లి. ఆవిడ గొంతు అంత గట్టిగా ఆ షెడ్డు ఎప్పుడూ వినలేదు. "ఇక్కడ నేను ఆవిరికి మొహం కమిలించుకునేది ఎందుకురా? ఎవరో ముక్కూమొహం తెలియని తల్లి మన కుక్కర్ని నమ్మి, పొయ్యి మీద పెట్టి, పక్కనే పిల్లని కూర్చోబెట్టుకుని జడ వేస్తుందని. ఆ నమ్మకం మీద అచ్చు గుద్దావు నువ్వు."

వాడు అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాడు. ఆవిడ వెళ్లి ఓదార్చలేదు. వెళ్లాలని ప్రాణం కొట్టుకుంది, అయినా వెళ్లలేదు.

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచింది. "కేసు మీ అబ్బాయి మీద ఉంటుంది, జరిమానా తప్పదు. వారంలో ఆ రెండొందలూ వెనక్కి తెస్తే షెడ్డుకి సీల్ వెయ్యను." తర్వాత పెద్దాయనవైపు తిరిగి, "మీరు దరఖాస్తు ఎందుకు పెట్టలేదు?" అంది.

అంతే, ఆయన పదిహేను రోజుల కోపం కట్టలు తెంచుకుంది. "ఎలా పెట్టమంటారు? రూలు రాసినవాళ్లు పెద్ద ఫ్యాక్టరీలని చూసి రాశారు. ఈ చెత్తంతా రేవులో పెట్టె మూత తియ్యకుండా దేశంలోకి వస్తుంటే మీవాళ్లు ఏం చేశారు? ఇక్కడ పుట్టిన సరుక్కేనా మీ రూళ్లు?"

"మీరన్నదాంట్లో సగం నిజం" అంది ఆమె. "రేవులో జరిగేదానికి నా దగ్గర జవాబు లేదు. పై వాళ్లకి రాస్తూనే ఉన్నాను. కానీ మిగతా సగం వినండి. రూలే లేకపోతే ఈ పెట్టెని నేను పట్టుకునేదాన్నా? మీరు మొదటి పేజీ చూసి ఆగిపోయారు. నాలుగో పేజీ చదవలేదు. చిన్న షెడ్లకి సొంత మెషిన్ అక్కర్లేదు, నమూనాలు ప్రభుత్వ ల్యాబ్‌కి పంపితే చాలు. షెడ్డులో మాత్రం ప్రతి కుక్కరూ పరీక్షించే మనిషి ఒకరు ఉండాలి, కాగితం మీద వాళ్ల సంతకం ఉండాలి. చాలామంది ఆ మనిషి లేకే మూతపడుతున్నారు."

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని నాలుగో పేజీ చదివాడు. రెండుసార్లు చదివాడు. "చదువు ఎంత ఉండాలి?" అన్నాడు.

"చదువు అడగరు. అనుభవం అడుగుతారు."

ఆ మధ్యాహ్నమే కొడుకు ఆసుపత్రికి వెళ్లి వంటామె ముందు తల వంచుకుని నిలబడ్డాడు. కట్టు విప్పేదాకా ఆమెకి వైద్యం తనదేనన్నాడు. మర్నాటి నుంచి షాపులూ ఇళ్లూ పట్టుకుని తిరిగాడు. కుక్కర్ బోర్లించి చూడటం, చుక్క ఉంటే దండం పెట్టి ఇచ్చెయ్యడం, లేకపోతే సంచిలో వేసుకుని మంచిది ఇస్తానని చీటీ రాసివ్వడం.

ఆరో రోజు సాయంత్రం ఆఖరి సంచీ దించి తల్లి దగ్గర కూర్చున్నాడు.

"ఒక ముసలమ్మ కుక్కర్ చేతికివ్వనంటే ఇవ్వనంది అమ్మా. ఇరవై ఏళ్ల నాటిదట, పిడి రెండుసార్లు మార్పించిందట. ఎలాగో బతిమాలి బోర్లిస్తే, అడుగంతా మాడి నల్లగా ఉంది. వేలితో రుద్దితే చుక్క దొరికింది. ఇది మా అమ్మ పెట్టిందండీ అన్నాను." వాడు మసి అంటిన వేలు చూపించాడు. "ఆవిడ కుక్కర్ లాక్కుని, మీ అమ్మ చల్లగా ఉండాలి నాయనా అంది. ఇన్నేళ్లూ నీ విజిల్ మన ఇంటిదేనని అనుకున్నానమ్మా. ఇన్ని ఇళ్లలో ఉందని నాకు తెలీలేదు."

ఈసారి ఆవిడ వాడి తల దగ్గరికి తీసుకుంది.

పెద్దాయన లోపలికొచ్చి దరఖాస్తు బల్లమీద పరిచాడు. అంతా తనే నింపాడు. 'పరీక్షాధికారి' అన్న గడిలో ఆవిడ పేరు, పక్కన 'అనుభవం: ఇరవై ఎనిమిదేళ్లు' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. "సంతకం పెట్టు" అన్నాడు. కలం ఆవిడ చేతిలో పెట్టాడు. "ఎవరన్నా అడిగితే విజిళ్లు వేయిస్తుందని చెప్పేవాణ్ణి. సిగ్గుగా ఉందే." ఆవిడ కళ్లు తుడుచుకుని సంతకం పెట్టింది. రెండో ఫారం ఆయనే నాలుగు ముక్కలు చేశాడు.

అమ్మకాలు ఆపుకుని కూర్చున్న నలభై రోజులకి ముద్ర వచ్చింది. ఆ పొద్దున్న ఆరింటికి పెద్దాయన తలదువ్వుకుని, ఆ ముద్ర కింద మొదటి కుక్కర్ని స్వయంగా తనే తిప్పి, పట్టుకుని వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. వెనక బాబాయ్, ఆ వెనక కొడుకు.

ఆవిడ నీళ్లు పోసింది, మూత బిగించింది, చెవి ఒగ్గింది. విజిల్ వచ్చింది. గరిటె అంచు చుట్టూ తిప్పి వెలుగులో పెట్టి చూసింది.

"పాసా మేడమ్?" అన్నాడు ఆయన.

"కాదు" అంది విజిలమ్మ. "చెమ్మ పట్టింది. తీసుకెళ్లి మళ్లీ చేసుకురండి."

బాబాయ్ నాలిక్కరుచుకున్నాడు. పెద్దాయన మాత్రం ఆ వేడి కుక్కర్ని తువ్వాలులో చుట్టి గుండెకి హత్తుకుని, మొహం చేటంత చేసుకుని ముందు షెడ్డులోకి నడిచాడు.

"ఒరేయ్, అందరూ వినండి!" అని అరిచాడు. "మా అధికారిణి నా కుక్కరే తిప్పి కొట్టింది! ఇక మీవి ఎలా చేస్తారో చూసుకోండి!"