సిగ్నల్‌కి అడ్డం కూర్చున్న మనిషి

తెర మీద గోడ కరిగిపోయింది.

“కదలకండి,” అంది డాక్టర్ తబస్సుమ్.

హైమ, ఆమె భర్త రామకోటి ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తబస్సుమ్ చేతిలో పలకంత యంత్రం ఉంది. దాన్ని హాలు గోడకేసి పట్టుకుంటే గోడ బదులు పాలలాంటి వెలుగు కనిపిస్తోంది. ఆ వెలుగు నడుమ నల్లటి ఆకారం. తల, భుజాలు, ముడుచుకున్న మోకాళ్ళు.

“మనిషి!” అన్నాడు రామకోటి.

అప్పటికి కాకినాడ ఇళ్ళలో కేబుళ్ళు పోయాయి. అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఒక పెట్టె ఉండేది. ఇంటర్నెట్ అందులోంచి తరంగాలుగా బయలుదేరి, ఫ్లాట్ తరవాత ఫ్లాట్ దాటుకుంటూ వెళ్ళేది. ఆ తరంగాలకు ఇటుకా సిమెంటూ ఒక లెక్క కాదు. నీరు మాత్రం వాటిని మింగేస్తుంది. మనిషి ఒంట్లో సగానికి పైగా నీరే. అందుకే తబస్సుమ్ తయారుచేసిన తరంగదర్శినిలో గోడలు కనబడవు, మనుషులు నీడల్లా కనబడతారు. సిగ్నల్ ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవడానికే ఆమె దాన్ని తయారుచేసింది. ల్యాబ్ బయట వాడడం ఇదే మొదలు.

హైమ ఆన్‌లైన్‌లో వీణ నేర్పుతుంది. కొంతకాలంగా పొద్దుటి పాఠం మొదలుపెట్టగానే నెట్ నత్తనడక నడుస్తోంది. గమకం మధ్యలో తెగిపోతుంటే శిష్యులు ఒక్కొక్కరే మానేస్తున్నారు. రౌటర్ మార్చారు, పాస్‌వర్డ్ మార్చారు, ప్లాన్ పెంచారు. ఆదివారాలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేది. ఎవరో తమ నెట్ దొంగతనంగా వాడుకుంటున్నారని రామకోటి అనుమానం. మేడమీద అద్దెకున్న కుర్రాళ్ళతో మొదలుపెట్టి, వాచ్‌మన్ దాకా అందరి మీదా అతని కన్ను పడింది. చివరికి తబస్సుమ్‌ని పిలిపించారు.

“పక్క ఫ్లాట్ ఎవరిది?” అడిగింది తబస్సుమ్.

“పురుషోత్తంగారిదండీ. ఆయన ఆఫీసుకీ, భార్య వసుంధరగారు స్కూలుకీ వెళ్ళిపోతారు. ఈ వేళప్పుడు ఎవరూ ఉండరు,” అంది హైమ.

“అయితే దొంగే! రోజూ దూరి మన గోడకి ఏదో తగిలిస్తున్నాడు,” అన్నాడు రామకోటి.

“తొందరపడకండి రామకోటిగారూ. సిగ్నల్‌కి అడ్డం ఆ మనిషి వీపు, అంతే. మెట్ల దగ్గర పెట్టె కాస్త పక్కకి జరిపిస్తే సరిపోతుంది.”

రామకోటి అప్పటికే గుమ్మం దాటేశాడు.

హైమ వీణ ముందు కూర్చుని ఊరికే ఒక స్వరం మీటింది. తెరమీద నీడ తల గోడకి ఆనించింది. ఇంకొంచెం వాయించింది. నీడ చెయ్యి మోకాలి మీద మెల్లగా తాళం వేయసాగింది.

“అయ్యో, వింటున్నారండీ!” అంటూ ఆమె బయటికి పరుగెత్తింది. అప్పటికే వాచ్‌మన్, అసోసియేషన్ సెక్రటరీ పక్క తలుపు దగ్గర కాపు కాస్తున్నారు. ఫోన్ అందుకున్న వసుంధర స్కూల్నుంచి ఆటోలో వచ్చి దిగింది. కంగారుగా తలుపు తీసింది.

లోపల పురుషోత్తం, టక్ చేసుకున్న చొక్కాతో, పక్కన ఆఫీసు బ్యాగుతో, గోడ వారన నేలమీద కూర్చుని ఉన్నాడు.

“మీరా? ఆఫీసు లేదా?”

అతను లేచి నిలబడ్డాడు. “ఆఫీసువాళ్ళు నన్ను తీసేశారు వసూ. నీకెలా చెప్పాలో తెలీలేదు. నువ్వు బయల్దేరాక తిరిగొచ్చేస్తున్నాను. ఇక్కడైతే ఆ వీణ వినబడుతుంది.”

వసుంధర వెనక్కి తిరిగింది. గుమ్మంలో మూగిన మొహాలన్నీ చూసి, హైమ దగ్గర ఆగింది.

“మా ఇంట్లో ఎవరున్నారో మీకెలా తెలిసింది?”

హైమ తన వెనక తబస్సుమ్ చేతిలోని యంత్రం వైపు చూసింది.

“గోడలోంచి చూస్తున్నారా? ఎన్నాళ్ళనుంచి?”

“ఇవాళే... నెట్ కోసమని...”

వసుంధర వాళ్ళ ముందే తలుపు వేసేసింది.

పెట్టె జరిపించారు. హైమ ఇంట్లో నెట్ పరుగులు తీసింది. కానీ వసుంధర అడిగిన ప్రశ్న మెట్లెక్కి అంతస్తు అంతస్తుకీ వెళ్ళింది. కొన్నాళ్ళకి తరంగదర్శినులు బజార్లోకి రాగానే అసోసియేషన్ ‘భద్రత కోసం’ ఒకటి కొంది. అది చూసి ఇద్దరు ముగ్గురు సొంతానికి కొనుక్కున్నారు. ఎవరింట్లో ఎవరి నీడ ఎవరి పక్కన ఉందో లిఫ్టులో చెప్పుకోవడం మొదలైంది. తాను బట్టలు మార్చుకునే గదికేసి ఎవరు చూస్తున్నారోనని హైమ దీపం ఆర్పేసేది. ఆర్పినా లాభం లేదని తరవాత గుర్తొచ్చేది.

మొదట వసుంధరే ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళు నింపి గోడపొడుగునా వేలాడదీసింది. తరవాత మేడమీదివాళ్ళు. ఆపైన బజార్లోకి పూల డిజైన్లతో నీటి తెరలే వచ్చాయి. ఒకరోజు రామకోటి కూడా వాటిని మోసుకొచ్చాడు.

“మనకేం దాపరికమండీ?” అంది హైమ.

“మనకేం లేదు. వాళ్ళకెందుకు చూపించాలి?”

వారం తిరక్కుండా బిల్డింగు మొత్తానికి నెట్ ఆగిపోయింది. మళ్ళీ తబస్సుమ్‌ని పిలిచారు. ఆమె ఏ గోడకేసి యంత్రం పట్టినా తెర నల్లగానే ఉంది.

మెట్ల దగ్గర అందరూ పోగయ్యారు.

“పెట్టెలో లోపం లేదు. మీ నీళ్ళే తరంగాలని తాగేస్తున్నాయి. తెరలు తీసేస్తే ఈ నిమిషమే నెట్ వస్తుంది,” అంది తబస్సుమ్.

హైమ నోరు తెరవబోయింది. ఎదురుగా వసుంధర చేతులు కట్టుకుని తననే చూస్తోంది. రామకోటి మోచేత్తో పొడిచాడు.

“ఒక్కరైనా మొదలుపెట్టండమ్మా,” అని బతిమాలింది తబస్సుమ్.

“దానికేముందండీ, తీసేస్తాం,” అన్నాడు సెక్రటరీ. “ముందు మా పక్కవాళ్ళని తీయమనండి.”

అదే మాట ఒక్కో మెట్టు మీదనుంచీ, ఒక్కో గొంతులో వినబడింది.