అమ్ముడుపోయిన లాయరు

"నత్త వచ్చిందా?" అని అడిగిందామె, గ్లవుజులు తొడుక్కుంటూ.

నత్త అంటే పురుగు కాదు, డాక్టరు. శవపరీక్షలు నేర్పే ఫోరెన్సిక్ పేథాలజీ ఫెలోషిప్‌లో ఆమెతోపాటు చేరిన ఒకే ఒక్క మగప్రాణి. ఆమె రెండు పోస్ట్‌మార్టాలు ముగించి కాఫీ తాగేలోపు అతగాడు ఒక శవం గోళ్ల దగ్గరే తచ్చాడుతుండేవాడు. పైగా బల్ల మీదున్నవాళ్లని "అండీ" అంటాడు. పోయినవాళ్లకి మర్యాదలు చేసి ఏం బావుకుంటాడో ఆమెకి అంతుపట్టేది కాదు.

"మిమ్మల్ని సినిమాకి రమ్మంటే శుభం కార్డు పడ్డాక వస్తారేమో!"

"వస్తాను కదండీ, అది చాలు" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్లు మండేది. అయినా మళ్లీ మళ్లీ చూసేది.

ఒకరోజు ఒక ముసలావిడ శవం వచ్చింది. నిద్రలోనే పోయింది, మెడ మీద నల్లటి చార. ముందురోజు కొడుకుతో గొడవపడిందని పొరుగువాళ్లు చెప్పారు. మన డాక్టరమ్మ తిన్నగా మెడ కోసి, కండరాల్లో రక్తం చూసి, "గొంతు నులిమారు" అని పోలీసులకి చెప్పేసింది. వాళ్లు కొడుకుని పట్టుకెళ్లి లాకప్‌లో పెట్టారు.

పక్క బల్ల దగ్గర్నుంచి నత్త మెల్లగా వచ్చాడు. "ముందు తల, ఛాతీ తెరిచి, రక్తం కారిపోయాక కదండీ మెడ తెరవాలి? లేకపోతే మన కత్తి వల్ల చేరిన రక్తమే గాయంలా కనిపిస్తుంది."

"మీ పాఠాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఈర్ష్యకి మందు లేదు."

అనేసింది గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు ఉత్తుత్తి కోర్టు. ఫెలోలకి కోర్టు భయం పోగొట్టడానికి వాళ్ల ప్రొఫెసర్ పెట్టే తంతు అది. ఒక ఫెలో బోనెక్కి తన కేసు చెప్పాలి, రెండో ఫెలో డిఫెన్స్ లాయరై చీల్చి చెండాడాలి. నత్త అరువు నల్లకోటులో వచ్చాడు. కోటు భుజాలు మోచేతుల దాకా జారాయి. ఈ అవతారం కేసు గెలిచినట్టే అనుకుందామె.

"డాక్టరుగారూ, మెడ మీద చార ఏ రంగు?"

"నలుపు."

కిటికీ బయట వాన మొదలైంది. అతను ఆమె కళ్లలోకి చూశాడు, చటుక్కున తల దించుకున్నాడు.

"ఇంకేం ప్రశ్నల్లేవు."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, ఈ లాయరు అమ్ముడుపోయాడు!"

ప్రొఫెసర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఎవరికమ్మా?"

"నాకు. నేను కొనలేదు, తనే వచ్చి పడ్డాడు. అడగాల్సిన ప్రశ్న తెలిసీ మింగేశాడు. నేనే చెబుతా వినండి. మెడ ముందు కోశాను. ఆ రక్తం నా కత్తి వల్ల చేరిందేమో, ఆ చార వట్టి చర్మం మడతేమో. నులిమారని నేను చెప్పలేను."



"పోలీసులకి నువ్వే ఫోన్ చెయ్యి. శవాన్ని నేను మళ్లీ చూస్తాను" అని ప్రొఫెసర్ లేచాడు.

ఫోన్ చేసి వచ్చి, వరండాలో నత్తని పట్టుకుంది. "ఎందుకు అడగలేదు?"

"అందరిముందూ మీరు చిన్నబోతే చూడలేనండీ. సాయంత్రం సార్‌కి విడిగా చెబుదామనుకున్నా."

"నా పరువు కోసం అప్పటిదాకా అతను లాకప్‌లో కూర్చోవాలా? తల్లి పోయినవాడు! నన్ను ప్రేమించే పద్ధతి ఇదే అయితే నాకక్కర్లేదు."

"ప్రేమ సంగతి... మీకెలా తెలుసు?"

"మార్చురీలో శవాలకి కూడా తెలుసు."

"మరి మీకే పద్ధతి కావాలి?"

"నిలదీసి అడిగే పద్ధతి."

అతను కోటు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. "అయితే అడుగుతున్నాను."

ఆమె గబగబా జుట్టు సర్దుకుంది. ఇక్కడేనా, ఈ ఫినాయిలు వాసనలోనా!

"ఆ కొడుక్కి క్షమాపణ ఫోన్లో చెబుతారా, ఎదురుగా చెబుతారా?"

ఇన్నాళ్లూ తిట్టిపోసిన మనిషి మీద ప్రేమ ఒక్కసారిగా ముంచుకొచ్చింది.

"ఎదురుగానే. భయంగా ఉంది. నువ్వూ రా."

గుండెపోటని ప్రొఫెసర్ తేల్చి చెప్పాక కొడుకుని వదిలేశారు. స్టేషన్ మెట్ల దగ్గర ఆమె అతనికి ఎదురెళ్లింది.

"తొందరపడి మీ మీద నింద వేసింది నేనే. తప్పు నాది."

అతను క్షమించానని అనలేదు. "మా అమ్మ ఎక్కడుంది?" అన్నాడు.

"రండి, తీసుకెళతాను."

ఉన్న ఒక్క గొడుగూ అతని చేతికిచ్చి, ఆమే నత్తా తడుస్తూ వెనకాల నడిచారు. కొంతదూరం పోయాక ఆమె ఏడ్చింది. "ఏడవకండి" అని నత్త అనలేదు. చెయ్యి మాత్రం పట్టుకున్నాడు, ఆమె వదిలించుకోలేదు.