అద్దంలాంటి గచ్చు

టీ గ్లాసు పట్టుకొని పెరటి గుమ్మంలోకి వచ్చిన పెద్దల్లుడికి, అప్పటికే పెరట్లో దిగిపోయిన చిన్నల్లుడు కనిపించాడు. అంతే, నోట్లో టీ కాస్తా చేదైపోయింది.

చిన్నల్లుడు నేలలో మేకులు పాతి, వాటి మధ్య దారం లాగి కట్టి, వంగి ఒంటికన్నుతో చూస్తున్నాడు. గుమ్మం పక్కన కుర్చీలో అత్తగారు మోకాలికి పట్టీతో కూర్చొని, కన్నార్పకుండా ఆ దారాన్నే చూస్తున్నారు.

"ఎంత ఓపికో చూడు. దారం వెంట్రుకవాసి పక్కకి పోనివ్వడం లేదు," అన్నారు.

దారం కట్టడం కూడా ఓ విద్యేనా అనుకున్నాడు పెద్దల్లుడు. పైకి మాత్రం "ఊఁ" అని ఊరుకున్నాడు.

సంగతేమిటంటే, మొన్న వానకి పెరట్లో బురదలో అత్తగారు కాలు జారి పడ్డారు. ఎముక విరగలేదు గానీ, మోకాలు వాచిపోయింది. ఆవిడకి పెరడంటే ప్రాణం. పూలమొక్కల దగ్గర కాసేపు తిరగకపోతే ఆవిడకి తెల్లారినట్టే ఉండదు. అలాంటి మనిషి అప్పటినుంచి గుమ్మం దాటలేదు. అందుకని పెరట్లో మొక్కల దాకా సిమెంటు గచ్చు చేయిద్దామన్నారు ఇంట్లోవాళ్ళు. చిన్నల్లుడు కట్టడాల దగ్గర ఇంజనీరు. నిరుడే పెళ్ళయింది. ఈమధ్యే బదిలీ మీద ఈ ఊరొచ్చి పక్కవీధిలో కాపురం పెట్టాడు. పని సహజంగానే అతని చేతికి వెళ్ళింది.

పెద్దల్లుడిది బజార్లో కళ్ళజోళ్ళ దుకాణం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లోనే ఉంటున్నాడు. కుళాయి కారినా, బల్బు పోయినా, అత్తగారి మందులు అయిపోయినా కేక వినిపించేది అతనికే. అలాంటివాడి ముందు నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి ఆకాశానికెత్తేస్తుంటే ఒళ్ళు మండదా మరి?

"బాబుగారూ, ఎండెక్కుతోంది, కాస్త నీడకి వచ్చి మంచినీళ్ళు తాగండి," అని చిన్నల్లుణ్ణి పిలిచి, అత్తగారు ఇటు తిరిగారు. "ఏమయ్యా, దుకాణానికి వెళ్ళేముందు ఆ ఇసక బస్తాలు ఇటు లాగి పడేసి వెళ్ళు."

అతనికేమో గారూ, మంచినీళ్ళూ. తనకేమో బస్తాలు. ముఖం గంటు పెట్టుకొని బస్తాలు లాగి, లోపలికొచ్చి చొక్కా దులుపుకున్నాడు పెద్దల్లుడు.

"ఏంటండీ, అలా ఉన్నారు? కడుపుమంటా?" అంది పెళ్ళాం.

"నాకా? దేనికి?"

"ఏమో, పొగ వాసనొస్తేనూ," అని నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గచ్చు మొత్తం ఒకే పలకగా పోస్తే బీటలిస్తుందని, మధ్యలో సందు వదిలి రెండు ముక్కలుగా పోద్దామన్నాడు చిన్నల్లుడు. ఆ మాట వినగానే పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది.

"అయితే మొక్కల వైపు ముక్క నాది తమ్ముడూ. నువ్వు చెయ్యి పెట్టకు," అన్నాడు.

సెలవు రోజు చూసుకొని ఇద్దరూ పని మొదలుపెట్టారు. కంకర పరిచి దిమ్మిసతో గట్టిగా కొట్టారు, చుట్టూ చెక్కలు బిగించారు, వాన నీళ్ళు ఇంట్లోకి రాకుండా ప్రహరీ గోడ వైపు వాలు పెట్టి కాంక్రీటు పోశారు. బద్దతో చదును చేశాక, చిన్నల్లుడు కాస్త ఆగి, గట్టి చీపురు తెచ్చి తన ముక్క మీద ఆ చివర నుంచి ఈ చివరకి ఈడ్చాడు. పచ్చి సిమెంటు మీద బరబరా గీతలు పడ్డాయి.

పెద్దల్లుడికి నవ్వు ఆగలేదు. "ఇంత కష్టపడి చివరికి చీపురు పెట్టావేంటి తమ్ముడూ? పిల్లి గోకినట్టుంది."

"ఉండాలన్నయ్యా. మీ వైపు కూడా లాగేస్తాను, జరగండి."

"అక్కర్లేదు. నా ముక్క సంగతి నేను చూసుకుంటాను."

"అది కాదన్నయ్యా, మరీ నునుపుగా ఉంటే..."

"అన్నీ నీకే తెలుసా?" పెద్దల్లుడి గొంతు లేచింది. "ఇంటికొచ్చి ఏడాది తిరగలేదు, అప్పుడే పెత్తనమా? నువ్వు రాకముందు ఈ ఇల్లు నడవలేదా?"

చిన్నల్లుడి ముఖం చిన్నబోయింది. చీపురు గోడకి ఆనించి, చేతులు కడుక్కొని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయాడు. గుమ్మంలోంచి పెళ్ళాం కొరకొరా చూసినా పెద్దల్లుడు తలెత్తలేదు. కళ్ళజోడు అద్దం మీద చిన్న గీత కూడా ఉండనివ్వని చెయ్యి అది. మోకాళ్ళ మీద కూర్చొని, తాపీతో రుద్ది రుద్ది, పొద్దు వాలేసరికి ఆ ముక్కని తళతళలాడించాడు.

తడి గోనెసంచులు కప్పి రోజూ నీళ్ళు చల్లుతూ గచ్చు గట్టిపడనిచ్చారు. సంచులు తీసి, గచ్చు కడిగిన పొద్దున ఎదురింటావిడ వచ్చి చూసింది.

"మొక్కల వైపు ఎవరు చేశారో గానీ, ముఖం చూసుకోవచ్చు," అంది.

పెద్దల్లుడి ఛాతీ ఉబ్బింది. ఆ మాట చిన్నల్లుడి చెవిన పడాలని ఓరగా చూశాడు. తన పెళ్ళాం పోరు పడలేక వచ్చిన చిన్నల్లుడు ఆ సంగతేమీ పట్టించుకోలేదు. చేతికర్రతో గచ్చు మీదికి దిగిన అత్తగారి వెనకే, ఎవరూ అడక్కుండానే, ఒక్క అడుగు దూరంలో నడుస్తున్నాడు.

అత్తగారు గీతల గచ్చు దాటారు. "ఏదీ, మా పెద్దల్లుడి పనితనం చూద్దాం," అంటూ నున్నటి వైపు కర్ర వేశారు. తడి మీద కర్ర జర్రున జారింది. వెనకే కాలూ జారింది. చిన్నల్లుడు రెండు చేతులా ఆవిణ్ణి పట్టుకొని, తాను కింద పడి, ఆవిణ్ణి తన మీద ఆపుకున్నాడు. ఆవిడకి దెబ్బ తగల్లేదు. అతని మోచెయ్యి మాత్రం చెక్కుకుపోయి రక్తం కారింది.

పెద్దల్లుడు పరుగెత్తుకొచ్చి ఆవిణ్ణి లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈ గచ్చు ఎవరి కాళ్ళ కోసం వేశారో ఇన్ని రోజుల్లో తనకి ఒక్కసారైనా గుర్తు రాలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"నా వల్లే అత్తయ్యా. వీడికంటే బాగా చెయ్యాలనుకున్నానే గానీ, మీరు నడుస్తారని ఆలోచించలేదు. పగలగొట్టేస్తాను," అన్నాడు.

"పగలగొట్టక్కర్లేదన్నయ్యా. ఉలితో పైపైన గంట్లు పెడితే గరుకవుతుంది," అన్నాడు చిన్నల్లుడు మోచెయ్యి పట్టుకొని.

అత్తగారు కుర్చీలో సర్దుకొని, ఊపిరి తీసుకొని, పెద్దల్లుణ్ణి దగ్గరికి పిలిచారు.

"ఆ అబ్బాయిని పొగిడినప్పుడల్లా నువ్వు ముఖం మాడ్చుకోవడం నేను చూడలేదనుకున్నావా? కొత్త మనిషి, మర్యాద చెయ్యకపోతే గుమ్మం తొక్కుతాడా? నిన్నెందుకయ్యా పొగడాలి? నా కాళ్ళు నన్ను నడిపిస్తున్నాయని రోజూ లేచి వాటిని పొగుడుతానా? ఏ పని పడినా నోటికి ముందు నీ పిలుపే వస్తుంది. అది చాలదా నీకు?"

పెద్దల్లుడు ఆవిడ కాళ్ళ దగ్గరే కూలబడి ఏడ్చేశాడు.

చిన్నల్లుడు మెల్లగా అన్నాడు. "నాకూ కడుపుమంటగానే ఉండేదన్నయ్యా. మిమ్మల్ని బస్తాలు లాగమంటారు, కుళాయి చూడమంటారు. నన్ను మాత్రం కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు. వచ్చిన ప్రతిసారీ చుట్టంలా వచ్చి చుట్టంలా వెళ్తున్నాను."

అత్తగారు అతని వంక చూశారు. కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"అయితే నిలబడి చూస్తావేంటయ్యా," అన్నారు. "ముందు ఆ చెయ్యి కడుక్కో. కడుక్కొని లోపల్నుంచి ఉలీ సుత్తీ పట్రా."

చిన్నల్లుడు పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళాడు. కాసేపు లోపల గిన్నెలూ డబ్బాలూ కదిలిన చప్పుడైంది.

"అన్నయ్యా, సుత్తి ఎక్కడుంటుంది?"

"ఉండు తమ్ముడూ, వస్తున్నా," అని కళ్ళు తుడుచుకొని లేచాడు పెద్దల్లుడు. "ఈ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో నీకూ తెలియాలిగా."