అరువిచ్చిన వేలు

సుభాషిణి వేలు ఆనించగానే అద్దం ఎర్రగా వెలిగింది. "క్లెయిమ్ తిరస్కరించడమైనది. ఈ వ్యక్తి ఈ మందు ఎనిమిది నెలలు వాడారు. ఇక పనిచేయదు. సూదిమందుకు మార్చవలెను" అంది వేలుపెట్టె.

ఆమె భర్త కొండలరావు చీటీ తీసుకుని మళ్లీ చూశాడు. తణుకులో ముప్ఫయ్యేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాడు. క్లెయిముల మార్గదర్శిని నూట పన్నెండు పేజీలూ అతనికి కంఠతా వచ్చు. క్లెయిమ్ వెనక్కొస్తే చుట్టుపక్కల షాపులవాళ్లందరూ పరిగెత్తుకొచ్చేది అతని దగ్గరికే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంటారు కదా, ఆ రోజు అతని పని అలాగే అయింది.

వేలుపెట్టె సంగతి కాస్త చెప్పుకోవాలి. పూర్వం దొంగ చీటీలతో, లేని రోగుల పేర్లతో మందులు మాయమయ్యేవి. దానికి విరుగుడుగా ఈ పెట్టె వచ్చింది. మందులన్నీ దాని కడుపులోనే ఉంటాయి. చీటీ మీద మందు పేరుంటే చాలు, మనిషి పేరు అక్కర్లేదు. అద్దం మీద ఎవరి వేలు పడితే మందు వాళ్ల ఒంట్లోకి వెళ్లినట్టే. ఊళ్లో రెండేళ్లుంటే గానీ వేలు నమోదు కాదు. షాపు యజమాని వేలు అసలే చెల్లదు.

మూడేళ్ల కిందట షాపు ఎదుట ఇస్త్రీ బండి పెట్టుకున్న కుంతలకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. బరంపురం నుంచి అప్పుడే వచ్చిన మనిషి. వేలు నమోదు కాలేదు. చీటీ పట్టుకుని మెట్ల మీద కూలబడితే, సుభాషిణి లోపలి నుంచి వచ్చి అద్దం మీద తన వేలు పెట్టేసింది.

"ఇదేం పని సుభా?" అన్నాడు కొండలరావు.

"నా వేలేగా అండీ, అరిగిపోతుందా?" అని నవ్విందామె.

అలా ఎనిమిది నెలలు. కొండలరావు అడ్డు చెప్పలేదు సరికదా, లోలోపల గర్వపడ్డాడు కూడా. కుంతల నయమై సొంతూరు వెళ్లిపోయింది. ఇప్పుడు అదే జబ్బు సుభాషిణికి వచ్చింది.

సూదిమందు ప్రాణం నిలుపుతుంది గానీ చెవులు తినేస్తుంది. సుభాషిణి మెట్ల మీద చెప్పుల చప్పుడు విని వచ్చిందెవరో చెప్పగల మనిషి. ఆ చెవులు పోతాయని తెలిసి కూడా అతను వెంటనే నోరు విప్పలేదు. తిరస్కరణ వచ్చిన ఏడు రోజుల్లోగా పాత తప్పు ఒప్పుకుంటే రికార్డు దిద్దుతారు, కానీ షాపు మూసేస్తారు. మార్గదర్శిని నలభై ఒకటో పేజీ. ఎంతమందికో చదివి వినిపించిన పేజీ. తన దాకా వచ్చేసరికి వేరే దారి వెతికాడు. అరువు వేలు దొరక్కపోతుందా అనుకుని నలుగురినీ అడిగాడు. బావమరిది సత్తిరాజును కూడా అడిగాడు.

"ఇవ్వకూడదని కాదు బావా. రేపు నాకా జబ్బొస్తే? అక్కకేమైందో చూస్తున్నాంగా" అన్నాడు సత్తిరాజు.

అతని మాటలో కొండలరావుకు తప్పేమీ కనబడలేదు.

తొమ్మిదో రోజున, పెట్టెను తయారుచేసిన డాక్టర్ హైమవతి తనిఖీకి వస్తే ఆమె ముందు అంతా చెప్పేశాడు. ఆమె తొందరపడకుండా విన్నది.

"గడువు దాటిపోయింది కదండీ."

"నా షాపు మూసేయండి మేడం. ఆ ఎనిమిది నెలలూ మా ఆవిడ పేరు మీంచి తీసేయండి."

"పెట్టెకు తెలిసింది వేలొక్కటే. గడువు దాటాక ఎవరూ దిద్దలేకుండా కట్టాం. దిద్దే వీలుంటే మళ్లీ దొంగలు దూరతారని. నాకు కూడా వీలు పెట్టుకోలేదు."

"కుంతలను వెతికి తీసుకొస్తానండీ. మందు తిన్నది తనేనని చెబుతుంది."

"ఆమె ఒంట్లో ఇప్పుడు జబ్బు ఆనవాలే ఉండదు. ఆ మందు అంత బాగా పనిచేసింది." హైమవతి గొంతు తగ్గించింది. "మూడో రోజునైనా రావలసింది కొండలరావు గారూ."

గడువు దాటిన తప్పుకు దిద్దుబాటూ లేదు, శిక్షా లేదు. ఏ షాపు కోసం నోరు మూసుకున్నాడో ఆ షాపు మిగిలింది.

వానాకాలం వచ్చేసరికి సుభాషిణికి దగ్గు పోయింది. వినికిడి కూడా పోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని కొండలరావు రోజూ అనుకునేవాడు. భోజనానికి కూర్చుంటే ఆ తొమ్మిది రోజులే గుర్తొచ్చేవి.

ఒక మధ్యాహ్నం ఇటుకల బట్టీ నుంచి ఒకతను జ్వరంతో కాలిపోతున్న పాపను ఎత్తుకొచ్చాడు. ఊరికి వచ్చి నెలే అయిందట. తండ్రీకూతుళ్ల వేళ్లు రెండూ చెల్లలేదు.

"నా చేతుల్లో ఏం లేదు నాయనా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లు" అన్నాడు కొండలరావు, అతని మొహం చూడలేక.

సుభాషిణికి ఆ మాటలు తెలియవు. పాపను చూసింది, అతని చేతిలో చీటీ చూసింది, కుర్చీలోంచి లేచింది.

"వద్దు సుభా!" అన్నాడు కొండలరావు. వీధిలోవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అరిచాడు.

ఆమె అప్పటికే వేలు ఆనించింది. అద్దం ఆకుపచ్చగా వెలిగింది.